బజారు దారి అడిగిన సహాబీ

పెద్ద శుభం జరిగినప్పుడు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోవాలని మనకెవరూ నేర్పనక్కరలేదు. అమ్మాయికి మంచి సంబంధం కుదిరినా, అబ్బాయికి ఉద్యోగం వచ్చినా, హజ్ యాత్రికుల జాబితాలో అమ్మీ అబ్బాల పేర్లు కనిపించినా ఇంటిల్లిపాది నోటా ముందుగా వచ్చే మాట అల్‌హందులిల్లాహ్. మరి పొద్దున్నే కొట్టు తెరవగానే బోణీ అయితే? నాలుగు రోజులుగా జ్వరంతో అన్నం ముట్టని పసివాడు ఐదోరోజు రెండు ముద్దలు తింటే? నెలాఖరుకు కిరాణా బాకీ తీరిపోతే? రోజూ జరిగేవే కదా అని దాటిపోతాం. మనం షుక్ర్ చేసే లెక్కలో అవి పడవు.

అలాంటి రోజువారీ లెక్కతో బతుకు మొదలుపెట్టి, చివరకు మదీనాలోని గొప్ప సంపన్నుల్లో ఒకరైన సహాబీ గురించి ఈ శుక్రవారం చెప్పుకుందాం. ఆయన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). బతికుండగానే స్వర్గ శుభవార్త అందుకున్న పదిమంది అషరె ముబష్షరాలో ఒకరు. ఆయన పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఒంటెల బిడారులు, బంగారు దీనార్లు, భారీ దానధర్మాలు. అవన్నీ తరువాతి సంగతులు. మేము మాత్రం కాసింత నెయ్యి, కాసింత పనీరు దగ్గర మొదలుపెడతాం.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన బనూ జుహ్రా వంశంలో జన్మించారు. దైవప్రవక్త (స) మాతృమూర్తి హజ్రత్ ఆమినా కూడా ఆ వంశపు ఆడపడుచే. వయసులో ఆయన ప్రవక్త (స) కన్నా సుమారు పదేళ్ళు చిన్న. పుట్టినప్పుడు పెట్టిన పేరు అబ్దు అమ్ర్. ఇస్లాం స్వీకరించాక ప్రవక్త (స) దాన్ని అబ్దుర్రహ్మాన్‌గా మార్చారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) చెప్పిన మాట విని తొలిరోజుల్లోనే సత్యాన్ని స్వీకరించిన కొద్దిమందిలో ఆయన ఉన్నారు. మక్కావాసుల వేధింపులు భరించలేక అబిసీనియాకు వలస వెళ్ళినవారిలోనూ ఉన్నారు. తిరిగివచ్చి, క్రీ.శ. 622లో అందరితోపాటు మదీనాకు హిజ్రత్ చేశారు. వ్యాపారం చేసిన చేతులు. అయినా మక్కాలో సంపాదించుకున్నది అక్కడే వదిలేసి రావలసివచ్చింది.

మదీనాలో ముహాజిర్లకు ఇల్లు లేదు, పొలం లేదు, అయినవాళ్ళూ లేరు. దైవప్రవక్త (స) ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీకి సోదరుడిగా చేశారు. అబ్దుర్రహ్మాన్ (రజి)కి సోదరుడైన వ్యక్తి హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి). ఖజ్రజ్ తెగ పెద్దల్లో ఒకరు, అన్సార్లలో ధనవంతుడు. ఆయన ఆ కొత్త సోదరుణ్ణి కూర్చోబెట్టుకుని తన ఆస్తిలో సగం ఇచ్చేస్తానన్నారు. అంతటితో ఆగలేదు. తనకు ఇద్దరు భార్యలున్నారనీ, వారిలో ఒకరికి విడాకులిస్తే ఇద్దత్ గడువు ముగిశాక వివాహమాడి ఇల్లు నిలుపుకోవచ్చనీ చెప్పారు. ఆనాటి అరబ్బుల ఆచారాల మధ్య చూడాల్సిన మాట అది. తనదంటూ దాచుకోకుండా ఇచ్చేయాలన్న ఆరాటమే అందులో మనకు కనిపిస్తుంది.

అబ్దుర్రహ్మాన్ (రజి) ఆ సగం తీసుకోలేదు. అలాగని ముఖం తిప్పుకోనూ లేదు. సాద్ కుటుంబంలోనూ సంపదలోనూ అల్లాహ్ శుభం కలిగించాలని దుఆ చేసి, బజారుకు దారి ఎటో చూపమని మాత్రం అడిగారు. వాళ్ళు బనూ ఖైనుఖా వారి బజారు చూపించారు. ఆయన వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో లాభంగా కొంత అకిత్, కొంత నెయ్యి ఉన్నాయి. అకిత్ అంటే మజ్జిగను కాచి, నీరు పోగొట్టి ఎండబెట్టిన పనీరులాంటి పదార్థం. ఎడారి ప్రయాణాల్లో చెడకుండా నిలిచేది. మరునాడు పొద్దున్నే మళ్ళీ బజారుకు వెళ్ళారు. ఆ మరునాడూ వెళ్ళారు.

సహీహ్ బుఖారీలో ఈ ఉదంతం చదివినప్పుడల్లా మమ్మల్ని ఆపేది ఆ రెండు వస్తువుల పేర్లే. ఆ తరువాత అబ్దుర్రహ్మాన్ (రజి) చేతుల మీదుగా వేల దీనార్లు నడిచాయి. వాటిలో ఎన్నో బేరాల వివరాలు ఎక్కడా మిగల్లేదు. కానీ ఆ తొలిరోజు ఇంటికి తెచ్చిన నెయ్యి, పనీరు మాత్రం 1400 ఏళ్ళు దాటినా చెక్కుచెదరకుండా మన దాకా వచ్చాయి. ఎవరో ఒకరు వాటిని చెప్పుకోదగిన సంగతిగా భావించకపోతే అవి హదీసులోకి ఎక్కేవి కావు. మన బజార్లలో తోపుడుబండి పెట్టుకున్న అన్నలకు బోణీ విలువ చెప్పనక్కరలేదు. తొలి రూపాయిని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసే అలవాటు మన ఊళ్ళలో హిందువులకూ ముస్లిములకూ ఉన్నదే. సాయంత్రానికి వచ్చే వందల నోట్లను మాత్రం లెక్కపెట్టుకుంటామే గాని కళ్ళకద్దుకోం.

కొంతకాలం గడిచింది. ఒకరోజు అబ్దుర్రహ్మాన్ (రజి) ప్రవక్త (స) సన్నిధికి వచ్చినప్పుడు దుస్తుల మీద పసుపుపచ్చని సుగంధపు ఛాయ కనిపించింది. సంగతేమిటని ప్రవక్త (స) అడిగారు. ఒక అన్సారీ స్త్రీని పెళ్ళాడానని ఆయన చెప్పారు. మహర్ ఎంత ఇచ్చావని అడిగితే, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారమని బదులిచ్చారు. ప్రవక్త (స) ఆశీర్వదించి, ఒక్క గొర్రెతోనైనా సరే, వలీమా మాత్రం ఇవ్వమన్నారు.

గింజ ఎత్తు బంగారం! ఈ ముక్క మన ఇళ్ళలో కాస్త గట్టిగా చదివి వినిపించాలని ఉంది. ఆ మహర్ ఇచ్చింది వరుడు, అందుకున్నది వధువు. అప్పు చేసింది లేదు. చేతికి వచ్చినంతలోనే ఇచ్చారు, చేతికి వచ్చినంతలోనే నలుగురికి పెట్టారు. మన దగ్గర మహర్ నిఖానామాలో అంకెగా మిగిలిపోతోంది. జోడే కీ రఖమ్ పేరిట సొమ్ము ఎదురు దిక్కుకు నడుస్తోంది. ఫంక్షన్ హాలు అద్దె కోసం ఆడపిల్ల తండ్రి వడ్డీకి అప్పు తెస్తున్నాడు. ఉత్త చేతులతో ఊరు చేరిన మనిషి కొంతకాలంలోనే ఎవరి సొమ్మూ అడగకుండా ఇల్లాలిని తెచ్చుకోగలగడమే అబ్దుర్రహ్మాన్ (రజి) ఇంటి సంబరం. ఒక గొర్రెతో అది జరిగిపోయింది.

సగం ఆస్తి ఇస్తానన్న ఆ సాద్ బిన్ రబీ (రజి) ఏమయ్యారో కూడా చెప్పుకోవాలి. చాలామంది ఆయన్ను ఆ ఒక్క మాట దగ్గరే వదిలేస్తారు. హిజ్రీ 3వ సంవత్సరం, అంటే క్రీ.శ. 625లో ఉహద్ యుద్ధంలో ఆయన అమరులయ్యారు. వెనక భార్య, ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. అజ్ఞానకాలపు ఆచారం ప్రకారం ఆయన సోదరుడు ఆస్తినంతా తన స్వాధీనం చేసుకున్నాడు. సాద్ భార్య పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ప్రవక్త (స) దగ్గరకు వచ్చి, తండ్రి మీతో పాటు యుద్ధంలో చనిపోయాడు, చిల్లిగవ్వ లేకుండా వీళ్ళకు పెళ్ళెలా అవుతుందని మొరపెట్టుకున్నారు. దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరాలో వారసత్వ ఆయతులు అవతరించిన సందర్భాల్లో ఇది ఒకటని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్ళిద్దరికీ మూడింట రెండువంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇప్పించారు. మిగిలినది అతనికి వదిలారు. ఉన్నదంతా పంచడానికి సిద్ధపడిన తండ్రి బిడ్డలు దిక్కులేనివాళ్ళు కాలేదు. నేడు ఆస్తిలో హక్కు పొందే ప్రతి ముస్లిం ఆడపడుచుకూ ఆ ఇద్దరు పిల్లల పేరు మీద ఏదో బాకీ ఉన్నట్టే మాకు అనిపిస్తుంది.

ఇక అబ్దుర్రహ్మాన్ (రజి) దగ్గరకు వద్దాం. ఉహద్‌కు ఏడాది ముందు, క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధం జరిగింది. అక్కడి ఒక సంగతి ఆయనే స్వయంగా చెప్పుకున్నారు. బారులు తీరి నిలబడినప్పుడు ఆయన అటూ ఇటూ చూశారు. కుడిపక్కన ఒక నవయువకుడు, ఎడమపక్కన మరో నవయువకుడు. ఇద్దరూ అన్సార్ల పిల్లలే. కాస్త బలమైన వాళ్ళ మధ్య ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. యుద్ధంలో పక్కవాడి బలమే సగం ధైర్యం కదా. ఇంతలో కుడివైపు కుర్రవాడు మెల్లగా అబూజహల్ ఎవరో చూపించమని అడిగాడు. ఎడమవైపు వాడూ, మొదటివాడికి వినబడకుండా అదే ప్రశ్న అడిగాడు. ప్రవక్త (స)ను దూషించినవాడు కనబడితే వదలకూడదన్నది ఇద్దరి పంతం. దూరంగా జనం మధ్య తిరుగుతున్న అబూజహల్‌ను ఆయన చూపించారు. ఇద్దరూ డేగల్లా దూసుకుపోయి అతణ్ణి నేలకూల్చారు. వీళ్ళ వల్ల ఏమవుతుందిలే అనుకున్న క్షణాన్ని ఆయన దాచుకోలేదు. తన మనసులో మెదిలిన ఆ చిన్నచూపును కూడా కలిపే చెప్పారు. పెద్దవాళ్ళు ఇలాంటివి చెప్పుకోవడం అరుదు.

ఉహద్‌లో ఆయనకు ఇరవైకి పైగా గాయాలయ్యాయి. ముందు పళ్ళు ఊడిపోయాయి. కాలికి తగిలిన దెబ్బతో జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఆ కాలితోనే బజారుకూ మస్జిద్‌కూ తిరిగారు.

వ్యాపారం పెరిగింది. ఎలా పెరిగిందన్నదానికి ఇమాం గజాలీ తమ ఇహ్యా ఉలూమిద్దీన్ గ్రంథంలో ఒక సంగతి రాశారు. ఇంత ఐశ్వర్యం ఎలా వచ్చిందని అడిగితే అబ్దుర్రహ్మాన్ (రజి) మూడు కారణాలు చెప్పారట. ఎంత తక్కువైనా లాభాన్ని కాదనలేదు. తన దగ్గరి పశువును ఎవరైనా కొంటామంటే అమ్మకాన్ని వాయిదా వేయలేదు. అరువు మీద అమ్మలేదు. దీనికి ఉదాహరణ కూడా అక్కడే ఉంది. ఒకసారి ఆయన వెయ్యి ఒంటెలు అమ్మారు. కొన్న ధరకే అమ్మారు గనుక ఒంటెల మీద పైసా మిగల్లేదు. మిగిలింది వాటి కట్టుతాళ్ళు మాత్రమే. ఒక్కో తాడును ఒక్కో దిర్హమ్‌కు అమ్మితే వెయ్యి దిర్హమ్‌లు వచ్చాయి. ఆ రోజు వెయ్యి ఒంటెలకు వేయాల్సిన మేత ఖర్చు మరో వెయ్యి తప్పింది.

తాళ్ళ లెక్క వినడానికి నవ్వులాటగా ఉంటుంది. లోభివాళ్ళ కథల్లోనూ ఇలాంటి లెక్కలే ఉంటాయి. తాడు మీద దిర్హమ్‌ను లెక్కపెట్టుకునే మనిషి సాధారణంగా ఆ దిర్హమ్‌ను ఎవరికీ ఇవ్వడు. అబ్దుర్రహ్మాన్ (రజి) విషయంలో అది తిరగబడింది. తాడు అమ్మిన డబ్బును చిన్నదిగా చూడని మనిషికి, పేదవాడు తెచ్చిన పిడికెడు ఖర్జూరాలు కూడా చిన్నవిగా కనబడలేదు. ఈ రెండూ ఒకే చూపు నుంచి వచ్చాయని మా నమ్మకం. అది బయటపడిన సందర్భం ఒకటుంది.

ప్రవక్త (స) ఒకసారి దైవమార్గంలో ఖర్చుకు విరాళాలు తెమ్మని పిలుపునిచ్చారు. అబ్దుర్రహ్మాన్ (రజి) దగ్గర అప్పుడు 8000 దిర్హమ్‌లున్నాయి. నాలుగు వేలు ఇంట్లోవారికి ఉంచి, నాలుగు వేలు తెచ్చి ముందు పెట్టారు. ఉంచుకున్నదానిలోనూ ఇచ్చినదానిలోనూ శుభం కలగాలని ప్రవక్త (స) దుఆ చేశారు. అదే సమయంలో అబూ అఖీల్ (రజి) అనే అన్సారీ కూలీ వచ్చారు. ఆయన రాత్రంతా తాడు లాగి నీళ్ళు తోడితే కూలిగా రెండు సా ల ఖర్జూరాలు దొరికాయి. సా అంటే రంజాన్‌లో ఫిత్రా లెక్క వేసేటప్పుడు మనం వినే కొలతే, సుమారు నాలుగు దోసిళ్ళు. ఒక సా ఇంట్లో పిల్లలకు వదిలి, ఒక సా పట్టుకొచ్చారు. ప్రవక్త (స) ఆ ఖర్జూరాలను అప్పటికే పోగైన విరాళాల మీద చల్లించారు.

అక్కడున్న కపటులకు ఇద్దరూ లోకువయ్యారు. నాలుగు వేలు తెచ్చినాయన్ను చూసి, నలుగురూ మెచ్చుకోవాలని తెచ్చాడన్నారు. ఖర్జూరాలు తెచ్చినాయన్ను చూసి, ఈ గుప్పెడు గింజల కోసం దేవుడేమన్నా ఎదురుచూస్తున్నాడా అని ఎగతాళి చేశారు. ఎక్కువ తెచ్చినా తప్పే, తక్కువ తెచ్చినా తప్పే! ఇలాంటి నోళ్ళు ప్రతి ఊళ్ళో, ప్రతి మొహల్లాలో ఉంటాయి. మస్జిద్ మరమ్మతుకు చందా రాయించినవారందరికీ వాళ్ళ సంగతి తెలుసు. అత్తౌబా సూరా 79వ ఆయత్ ఈ సందర్భంలోనే అవతరించిందని ముఫస్సిర్లు వివరించారు. మనస్ఫూర్తిగా ఇచ్చినవారినీ, తమ శ్రమ తప్ప ఇవ్వడానికి మరేమీ లేనివారినీ ఆ ఆయత్ ఒకే వరుసలో నిలబెట్టి, వారిని ఎగతాళి చేసినవారికి కఠినశిక్ష ఉందని హెచ్చరించింది.

ఇందులో మరొకటి గమనించాలి. ఇద్దరూ తెచ్చింది సగమే. ఎనిమిది వేలలో నాలుగు వేలు, రెండు సా లలో ఒక సా. ఇద్దరూ మిగతా సగం ఇంట్లోవాళ్ళకు ఉంచారు. ఏళ్ళ కిందట సాద్ బిన్ రబీ (రజి) తన ముందు పెట్టిందీ సగమే. బజారు దారి అడిగి వద్దన్న ఆ సగాన్ని అబ్దుర్రహ్మాన్ (రజి) తన సొంత సంపాదనలోంచి ఇప్పుడు దైవమార్గంలో ఇచ్చారు.

మరోసారి ఆయనకూ హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)కీ మధ్య మాటామాటా పెరిగింది. ఖాలిద్ (రజి) ఆలస్యంగా ఇస్లాంలోకి వచ్చిన మహాయోధుడు. ఆయన నోటినుంచి ఒక పరుషమైన మాట దొర్లింది. సంగతి విన్న దైవప్రవక్త (స), తన తొలి సహచరులను నిందించవద్దని వారించారు. తరువాత వచ్చినవారు ఉహద్ పర్వతమంత బంగారం ఖర్చుపెట్టినా, ముందున్నవారు ఇచ్చిన దోసెడు ధాన్యానికి, దానిలో సగానికి కూడా సాటిరాదని తెలిపారు. సహీహ్ ముస్లింలో ఈ సందర్భం వివరంగా ఉంది. ఇల్లూ వాకిలీ లేని రోజుల్లో ఇచ్చిన దోసెడు అది. అబ్దుర్రహ్మాన్ (రజి) అప్పటికే కావాలంటే రాశులు ఇవ్వగల స్థితిలో ఉన్నారు. అయినా ప్రవక్త (స) ఆయన పక్షాన తూకంలో పెట్టింది ఆ పాత దోసెడునే.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణంలో జరిగినది కూడా ఆయన జీవితంలో మరువరానిదే. ఒక తెల్లవారుజామున ప్రవక్త (స) కాలకృత్యాలకు వెళ్ళి వుజూ చేసుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. నమాజు వేళ మించిపోతుందని సహచరులు అబ్దుర్రహ్మాన్ (రజి)ను ముందు నిలబెట్టారు. ప్రవక్త (స) వచ్చి ఆయన వెనుక ఒక రకాత్ చదివి, తప్పిన రకాత్‌ను సలాం తరువాత పూర్తిచేసుకున్నారు. వచ్చినవారెవరో తెలిసి జనం కంగారుపడితే, వేళకు నమాజు చేసి మంచిపని చేశారని ప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు.

ప్రవక్త (స) పరమపదించాక సంపద ఇంకా పెరిగింది. ఇస్లామీ రాజ్యం విస్తరించింది, మార్గాలు తెరుచుకున్నాయి, బజార్లు నిండాయి. ఒకప్పుడు కాసింత నెయ్యి తెచ్చిన ఇంటికి ఇప్పుడు అన్నీ వచ్చిపడుతున్నాయి. చాలామంది జీవితకథలు ఇక్కడికి వచ్చేసరికి సుఖాంతమైపోతాయి. అబ్దుర్రహ్మాన్ (రజి)కు మాత్రం ఇక్కడే భయం మొదలైంది.

ఒకరోజు ఆయన ఉపవాసం ఉన్నారు. ఇఫ్తార్ వేళకు భోజనం తెచ్చి ముందు పెట్టారు. దాన్ని చూడగానే ఆయనకు హజ్రత్ ముస్‌అబ్ బిన్ ఉమైర్ (రజి) గుర్తొచ్చారు. మక్కాలో ముస్‌అబ్ అంటే పట్టుబట్టలు, అత్తర్ల మధ్య పెరిగిన యువకుడు. ఇస్లాం కోసం అవన్నీ వదులుకుని, మదీనాకు తొలి ఖుర్ఆన్ బోధకుడిగా వెళ్ళి, ఉహద్‌లో జెండా పట్టుకుని అమరులయ్యారు. కఫన్‌కు ఒకే ఒక దుప్పటి దొరికింది. తల కప్పితే పాదాలు బయటపడ్డాయి, పాదాలు కప్పితే తల బయటపడింది. చివరకు తల కప్పి, పాదాల మీద ఇజ్ఖిర్ గడ్డి వేసి ఖననం చేశారు. ముస్‌అబ్ తనకన్నా ఉత్తముడని అబ్దుర్రహ్మాన్ (రజి) అన్నారు. హజ్రత్ హమ్జా (రజి)ని కూడా తలచుకున్నారు. వాళ్ళు ఏమీ అనుభవించకుండా వెళ్ళిపోయారు, మనకేమో లోకం ఇంతగా ఇవ్వబడింది, మన పుణ్యాల ప్రతిఫలం ఇక్కడే ముందుగా చెల్లించేస్తున్నారేమోనని భయంగా ఉందన్నారు. అలా ఏడుస్తూనే ఉండిపోయారు. ఆ భోజనం ముట్టలేదు.

మరో సందర్భంలో రొట్టె, మాంసం ఉన్న పళ్ళెం ముందుకు వచ్చినప్పుడు కూడా ఆయన కళ్ళు చెమర్చాయి. దైవప్రవక్త (స), ఆయన ఇంటివారు బార్లీ రొట్టెతో కూడా కడుపునిండా తినకుండానే ఆ కాలం గడిచిపోయిందని గుర్తుచేసుకున్నారు.

ఈ కన్నీళ్ళను కొందరు సంపద మీద విరక్తిగా చెబుతారు. మాకలా అనిపించదు. ఆయన వ్యాపారం మానలేదు, ఒంటెలను వదిలేసి అడవులకు పోలేదు. మరునాడు బజారుకు వెళ్ళే ఉంటారు. పోగొట్టుకుంటానేమోనని ఆయన భయపడింది డబ్బును కాదు, కొలతను. కాసింత పనీరును ఒక వరంగా చూసిన కళ్ళకు ఇప్పుడు నిండు పళ్ళెం మామూలు విషయమైపోతే? చిన్నదానికి షుక్ర్ చేయడం పేదరికంలో వచ్చినంత తేలిగ్గా కలిమిలో రాదు. అందుకే ఆయన నిండు విస్తరి ముందు కూర్చున్నప్పుడు పొట్టిదైన ఆ కఫన్‌ను పక్కన పెట్టుకుని చూశారు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో ఆయన ముఖ్య సలహాదారుల్లో ఒకరు. క్రీ.శ. 644లో ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) కత్తిపోట్లకు గురైనప్పుడు, ఆ నమాజును పూర్తి చేయించమని చేయి పట్టుకుని ముందుకు పంపింది ఈయన్నే. తరువాతి ఖలీఫాను ఎన్నుకోవడానికి ఉమర్ (రజి) నియమించిన ఆరుగురిలోనూ ఈయన ఉన్నారు. ఆయన ముందుగా తన అభ్యర్థిత్వం వదులుకుని, మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా మదీనా ప్రజల అభిప్రాయం సేకరించి, హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతికి బైఅత్ చేశారు.

ఆయన సంపదను గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 700 ఒంటెల బిడారు మదీనాలోకి వచ్చిందనీ, ధనం వల్ల ఆయన స్వర్గంలోకి పాకుతూ ప్రవేశిస్తారనీ ఆ కథలో ఉంటుంది. ఇబ్నుల్ జౌజీ దాన్ని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. స్వర్గ శుభవార్త అందుకున్న మనిషికి ఆ కథ నప్పదు కూడా. జల్సాల్లో దాన్ని చెప్పేవారు ఇకనైనా మానుకుంటే మేలు. దానికన్నా నమ్మదగినవి చాలానే ఉన్నాయి. ఒక భూమిని ఉస్మాన్ (రజి)కి 40,000 దీనార్లకు అమ్మి, ఆ సొమ్మును తన వంశమైన బనూ జుహ్రాలోని వారికి, పేదలకు, విశ్వాసుల మాతృమూర్తులకు పంచేశారు. తన వాటా అందినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి), స్వర్గంలోని సల్‌సబీల్ జలంతో అల్లాహ్ ఆయన దాహం తీర్చాలని దుఆ చేశారు. ప్రవక్త (స) తరువాత ఆ మాతృమూర్తుల బాగోగులు చూసుకున్నవారిలో ఆయన పేరు ముందుంటుంది.

హిజ్రీ 32వ సంవత్సరం, క్రీ.శ. 652లో ఆయన మదీనాలో కన్నుమూశారు. ఖలీఫా ఉస్మాన్ (రజి) జనాజా నమాజు చేయించారు. జనాజాను మోసినవారిలో హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉన్నారు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. వారసులకు మిగిలిన బంగారాన్ని పంచేందుకు గొడ్డళ్ళతో నరకవలసివచ్చిందనీ, నరికినవారి చేతులు బొబ్బలెక్కాయనీ చరిత్రకారులు రాశారు. మహర్‌గా గింజ ఎత్తు బంగారం ఇచ్చిన ఇల్లే అది.

వీలునామాలో ఆయన ఒక కోరిక రాయించారు. బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారిలో ఇంకా బతికి ఉన్న ఒక్కొక్కరికి 400 దీనార్లు ఇవ్వాలి. పిలిచి లెక్కిస్తే వందమంది దాకా తేలారు. బద్ర్ నాటికి కుర్రవాళ్ళుగా ఉన్నవారు కూడా అప్పటికి నెరిసిన గడ్డాలతో వచ్చారు. ఒక్కొక్కరూ తమ వాటా తీసుకున్నారు. ఖలీఫా ఉస్మాన్ (రజి) పేరు కూడా ఆ పట్టికలో ఉంది. ఆయనే ఆ కాలపు గొప్ప ధనవంతుల్లో ఒకరు, ఆ 400 దీనార్లు ఆయనకు ఒక లెక్కలోవి కావు. అయినా ఆయన వచ్చి తన 400 దీనార్లు తీసుకున్నారు.